సుగ్గికి పోయిన పిల్లల పేర్లు

పోయిన వారం మనం తిరుపాల్‌ను ఢిల్లీలో ఒక పొడవాటి బల్ల చివరి కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాం. కూలీల బాగోగులు చూసే పార్లమెంటు కమిటీ అది. అధ్యక్షుడు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "గౌరవ సభ్యులు చెప్పేదానికీ, మంత్రిగారు సభలో ఇచ్చిన జవాబుకూ పొంతన లేదు. సోమవారం నాటికి మీ దగ్గరున్న ఆధారం తీసుకురండి. లేదంటే దీన్ని ఇంతటితో వదిలేద్దాం" అన్నాడు. తిరుపాల్ సరేనని తలూపాడు. ఊపాడే గానీ, ఆయన దగ్గరున్న ఆధారమల్లా గుడ్డసంచీ నిండా ఉత్తరాలు. ఒక్కదాని మీదా రాసినవాళ్ల పేరు లేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకు తిరుపాల్ ఎవరో చెప్పాలి. ఆదోని డిపోలో ఇరవై రెండేళ్లు కండక్టరుగా చేసి, మోకాళ్ల నొప్పులతో ముందుగానే ఉద్యోగం మానుకున్న మనిషి. పార్టీవాళ్లు ఎంపీ టికెట్టు ఒక పెద్దాయనకు ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఈయన చేత డమ్మీ నామినేషన్ వేయించారు. పెద్దాయన కాగితాల్లో ఏదో తప్పు దొర్లి, పరిశీలనలో కొట్టేశారు. అలా డమ్మీ కాస్తా అసలు అభ్యర్థి అయ్యాడు. ఆ ఏడు వీచిన గాలికి గెలిచాడు కూడా. ఢిల్లీలో ఆయనకు ఇచ్చిన చోటు చిట్టచివరి వరుసలో గోడ పక్కన. "మా బస్సులో ఈ సీటుకు ఎవరూ కొట్లాడరు సార్, కుదుపులెక్కువ" అన్నాడట మొదటి రోజు పక్కనున్న సభ్యుడితో.

ఆ సీట్లోనే ఏడాది తిరగవచ్చింది. మొదటి సమావేశాల్లో ఆయన ఇచ్చిన నోటీసు ఫారం తప్పని వెనక్కి వచ్చింది. రెండోది సభవాళ్లు తీసే చీటీల్లో రాకుండా పోయింది. మూడోదానికి సభ వాయిదా పడింది. అప్పుడే ఎమ్మిగనూరు నుంచి సేతుమాధవరావును పిలిపించుకున్నాడు. ఇంగ్లీషు మాస్టరుగా రిటైరైన మనిషి; తిరుపాల్‌కు హైస్కూల్లో పాఠాలు చెప్పినవాడు. ఆయన వచ్చాక ప్రశ్నలు కుదురుగా పోవడం మొదలైంది. ప్రతి ప్రశ్న రాశాక మాస్టారు చదివి వినిపించేవాడు, తిరుపాల్ కళ్లు మూసుకుని విని, "మనం అడగాల్సింది ఇదేనా సార్, ఇంకేమన్నా మిగిలిందా?" అనేవాడు. మాస్టారు మళ్లీ రాసేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఆదోని పక్కనున్న కోసిగి వైపు జనం పంట పనుల కోసం ఊళ్లు విడిచిపోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. పత్తి తీతకు కొందరు, గుంటూరు మిరప కోతకు కొందరు. పెద్దలు పోతే పిల్లలు పోతారు, పిల్లలు పోతే బడి పోతుంది. చలికాలం సమావేశాల్లో జీరో అవర్‌లో తిరుపాల్‌కు మొట్టమొదటిసారి మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఈ సంగతే ఎత్తుకున్నాడు. తెలుగులోనే మాట్లాడాడు. అద్దాల గదిలో కూర్చుని అనువదించే ఆవిడకు సుగ్గి అనే మాట కొత్త. ఎవరినో అడిగితే అది కన్నడంలో పంట పండగ అన్నారట. దాంతో పిల్లలు పండగకు పోతున్నారని సభ రికార్డులోకి ఎక్కింది. మర్నాడు తిరుపాల్ ఆమెను వెతుక్కుంటూ పోయి విషయం చెబితే, ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని తానే దగ్గరుండి దిద్దించింది. ఆమెకు దండం పెట్టి వచ్చాడు. ఢిల్లీలో తన మాటను పట్టించుకున్న మొదటి మనిషి ఆమే అని ఇప్పటికీ చెబుతాడు.

ఆ రోజు ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పిల్లల పేర్లు చదివాడు. పేరు, తరగతి, ఊరు, బయల్దేరిన తేదీ. పదకొండో పేరు దగ్గర సమయం అయిపోయిందన్నారు. ఆ పేర్లన్నీ ఉత్తరాల్లోవే. వారానికొకటి చొప్పున వచ్చేవి, అన్నిటి మీదా ఎమ్మిగనూరు పోస్టాఫీసు ముద్ర. ఆ తర్వాత రాతపూర్వకంగా వేసిన ప్రశ్నకు మంత్రి జవాబిచ్చాడు. ఆ ప్రాంతంలో వలసపోయేవాళ్ల పిల్లల కోసం హాస్టళ్లు తెరిచామనీ, పిల్లలందరూ హాజరులోనే ఉన్నారనీ, ఒక్కరూ బడి మానలేదనీ. అబద్ధమాడుతున్నది ఆ జవాబైనా అయ్యుండాలి, ఈ ఉత్తరాలైనా అయ్యుండాలి.

ఆఫీసులకు సెలవైన రెండో శనివారం పొద్దున్నే తిరుపాల్ ఎమ్మిగనూరులో మాస్టారి ఇంట్లో కూర్చుని ఉత్తరాలన్నీ చాప మీద పరిచాడు. ఏడాదిగా రాసినవాళ్ల కోసం ఎమ్మిగనూరంతా వెతికించాడు. బడుల్లో అడిగించాడు, పోస్టాఫీసులో అడిగించాడు. దొరకలేదు. ఈ రోజు దొరకకపోతే, రేపు మధ్యాహ్నం హైదరాబాదులో విమానం ఎక్కి ఉత్త చేతులతో పోవాలి.

మాస్టారి భార్య పద్మాబాయి కాఫీ గ్లాసులు పెట్టడానికి వంగి, ఒక కాగితం అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తింది.

"ఇది నూనె మరక. నూనెలో పసుపు కూడా ఉంది" అంది.

తిరుపాల్ ఆ కాగితం అందుకుని వాసన చూశాడు. తర్వాత ఇంకొకటి. సంక్రాంతి ముందు వచ్చిన ఉత్తరంలో ఒక పిల్లవాడి పేరు పక్కన 'ఆకలి లేదని ఏమీ తినలేదు, తమ్మునికి పొట్లం కట్టించుకొని పోయినాడు' అని ఉంది. ఎన్నిసార్లు చదివాడో ఆ వాక్యం. పొట్లం ఎవరు కట్టారో ఎప్పుడూ అనుకోలేదు.

"నా బుద్ధి గడ్డి తిన్నది సార్. ఇరవై రెండేళ్లు ఆదోని స్టేషను కాడ ఉగ్గాని తిని డ్యూటీ ఎక్కినా. లేయండి, ఆదోనికి పోదాం. ఆ బండామె చేతి వాసన నాకు తెలుసు" అన్నాడు.

ఆదోని రైల్వే స్టేషను బయట జొహరాబీ బండి ఉంటుంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీ. భర్త నబీ సాబ్ పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి చనిపోయినప్పటి నుంచీ ఆ బండే ఆమెకు ఆధారం. తిరుపాల్‌ను చూడగానే గరిటె ఆపింది.

"ఏమప్పా కండక్టరప్పా, ఎంపీ అయినాక దోవ మర్సిపోయినావనుకుంటి."

"మర్సిపోలేదక్కా. కండ్ల ముందుండేది కనపడలే."

సంచీలోంచి ఒక ఉత్తరం తీసి బండి మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసి, పక్కనున్న మాస్టారిని చూసి, మళ్లీ గరిటె తిప్పసాగింది.

"నాకు సదువు రాదని నీకు తెలుసు గదప్పా."

"రాత రాదు. పేర్లు వస్తాయి గదా."

 జొహరాబీ ఇద్దరు గిరాకీలకు పొట్లాలు కట్టి పంపింది. ఆ తర్వాత చెయ్యి కొంగుకు తుడుచుకుని స్టూలు జరిపి కూర్చోమంది.

"సుగ్గికి పోయేటోళ్లు రైలొచ్చేదాకా ఈడనే కూసుంటారు. పిల్లోళ్లు బండి సుట్టూ సేరుతారు. పేరేందిరా, ఎన్నో తరగతి అని అడుగుతా. అడిగినానంటే మర్సిపోను, నాకు అదొక్కటి ఇచ్చినాడు దేవుడు. మాపటికి ఇంటికి పోయి మా నిషాత్‌కు సెప్తాంటి. అది రాస్తాండె. నువ్వు ఢిల్లీకి పోయినావని తెలిసినాక నీకే పంపమన్నా. ఇంగ యారికి పంపాల?"

"పేరు ఎందుకు రాయలేదక్కా?"

"అది వద్దనింది. యాలనో నాకు సెప్పలే."

మాస్టారు మెల్లగా అడిగాడు. "ఎందుకమ్మా ఈ శ్రమంతా? నీ పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కదా."

ఆమె మూకుడు కింద మంట తగ్గించింది.

"నాకు ఇద్దరు సార్. పెద్దోడు జావీద్‌ను సంకన ఏసుకొని ఏడేండ్లు సుగ్గికి తిరిగినా. చిన్నదాన్ని మా అత్త నాకిడిసి పో అని పట్టుకునింది. కండ్లు కనపడని మనిషి, అయినా దాన్ని బడికి తోలి సదివిచ్చింది. ఈ పొద్దు వాడు బెంగళూరులో ఇనుప రాడ్లు వంచుతాండాడు. ఇది ఆఫీసులో కుర్సీలో కూసుంటాంది. ఒకే కడుపున పుట్టినోళ్లు. వాని బుద్ధి తక్కువదేం కాదు. దీన్ని చూసి సంతోషపడినప్పుడల్లా వాడు గుర్తొస్తాడు. మా అత్తకు దండం పెట్టుకుంటా. సుగ్గికి పోయే పిల్లోళ్లకు అట్లాంటి అత్త యాడుంటాది?"

తిరుపాల్ స్టూలు మీంచి లేచాడు. బజారులో అందరూ చూస్తుండగా రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, ఏడాది నుంచి ఆ సభలో నేను నోరు తెరిచిన ప్రతిసారీ నీ మాటే మాట్లాడినా. అది నీదని తెలీక నాదనుకున్నా. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మన్నించు."

"కూసో అప్పా, అందరూ సూస్తాండారు" అంది జొహరాబీ.  "నేనే నీకు సెప్పాల. నువ్వు పేర్లు సదివింది మా నిషాత్ ఫోనులో సూపిచ్చింది. కోసిగిలో అందరూ సూసినారు. ఆ పదకొండు మందిలో ఇద్దరు సుగ్గికి పోయిన దేవేంద్ర పిల్లోళ్లు. మిరప తోటలో ఉండి సూసినాడంట. నా బిడ్డల పేర్లు ఢిల్లీలో సదివినారు, వాళ్లీడ కాయలు కోస్తాండారే అని మర్నాడే తెచ్చి వాళ్ల చిన్నమ్మ ఇంట్లో ఇడిసి పోయినాడు. ఇద్దరూ బడికి పోతాండారు. ఇద్దరంటే తక్కువా?"

తిరుపాల్ మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. వెనక్కి వచ్చిన నోటీసులు, వాయిదాలు, నిండని బెంచీల ముందు గోడ పక్కన నిలబడి చదివిన కాగితాలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇద్దరు పిల్లలు. ఏడాదికి అది చాలునని ఆ క్షణంలో మనసారా అనిపించింది.

మాస్టారే అసలు సంగతి ఎత్తాడు. "అమ్మా, కమిటీకి ఆధారం కావాలి. హాస్టళ్లలో హాజరున్నారని చూపించే జాబితా మంత్రిగారి దగ్గరుంది. అది తప్పని మనం చూపించాలి. మీ అమ్మాయితో ఒకసారి మాట్లాడవచ్చా?"

నిషాత్ అప్పటికే వచ్చి బండి వెనక నిలబడి ఉంది. తల్లికి తోడుగా నీళ్ల బిందె తెచ్చినట్టుంది. బిందె ఇంకా చంకలోనే ఉంది. ఇరవై అయిదేళ్లుంటాయి. సన్నగా, తల్లి పోలికే.

"ఆ జాబితా తప్పని నాకు తెలుసు సార్. దాన్ని టైపు చేసింది నేనే" అంది.

ఎమ్మిగనూరులో ఆమె పనిచేసేది ఆ హాస్టళ్లు నడిపే సంస్థ ఆఫీసులో. ఆ మాట తల్లికి తెలుసు. అక్కడ ఏం టైపు చేస్తుందో తెలియదు.

"హాస్టళ్లు దీపావళికి తెరవాల. ఈ ఏడు సంక్రాంతి దాటినాక తెరిచినారు. అప్పటికే సగం పిల్లోళ్లు పోయినారు. జాబితా నిండకుంటే హాస్టళ్లు మూసేస్తారు, ఉన్న పిల్లోళ్లు కూడా రోడ్డున పడతారు అన్నాడు మా సారు. నమ్మినా. దీపావళి నుంచే తెరిచినట్టు, పోయినోళ్ల పేర్లు కూడా ఎక్కించినా."

జొహరాబీ గరిటె పక్కన పెట్టింది.

"మాపున నేను పోయినారని సెప్పిన పేర్లే, పొద్దున పోయి ఆడ ఉండారని రాస్తాంటివా?"

"రాస్తాంటి అమ్మా."

"అవే పేర్లా?"

"అవే. అందుకే సారుకు ఉత్తరాలు రాసినా. అందుకే పేరు పెట్టలేకపోయినా." నిషాత్ బిందె దించింది. "పగలు చేసినదాన్ని సాయంత్రం కడుక్కుంటాననుకుంటి. కడిగితే పోలేదు."

జొహరాబీ కూతురి మొహం వైపు చూడలేదు. అడుగంటుతున్న ఉగ్గానిని కూడా చూడలేదు. సేతుమాధవరావు వంగి తానే మంట ఆర్పాడు. పిల్లను తల్లి కొడుతుందేమోనని తిరుపాల్ భయపడ్డాడు. ఆమె కొట్టలేదు.

"మీ నాయనమ్మ కండ్లు కనపడక పోయినా నిన్ను బడికి తోలింది ఇందుకేనా పాపా" అని మాత్రం అంది.

నిషాత్ ఏడవలేదు. బ్యాగులోంచి మడిచిన కాగితాలు తీసి తిరుపాల్ చేతికిచ్చింది. "ఇది మంత్రిగారికి పోయిన జాబితా. సంస్థ ముద్ర ఉంది. నా పేరు కూడా రాసుకోండి సార్. ఉద్యోగం పోతుందని తెలుసు."

తిరుపాల్ మడతలు విప్పి చూశాడు. ఆ కాగితాలు చేతిలో ఉంటే బలం వచ్చినట్టుంది. ఆ పిల్లను చూస్తే ఆ బలం వాడుకోవాలని లేదు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు అద్దాలు సవరించుకుని అన్నాడు. "అమ్మాయీ, నలభై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దాను. తప్పు రాసి తానే కొట్టేసుకున్న పిల్లకు నేనెప్పుడూ సున్నా వేయలేదు."

"పేరు సంగతి మళ్లీ మాట్లాడదాం పాపా" అన్నాడు తిరుపాల్. "నీవు చేసింది తప్పే. దాన్ని వాసన పట్టేటట్టు ఏడాదంతా నాకు రాసింది కూడా నువ్వే. నీవు రాయకపోయి ఉంటే ఆ ఇద్దరు పిల్లోళ్లు ఇప్పటికీ తోటలోనే ఉండేటోళ్లు. ఆ మాట మీ అమ్మకు కూడా సెప్తాండా."

జొహరాబీ కొంగుతో మొహం తుడుచుకుంది. "సదువు, ఇంటా. ఎంతమంది పేర్లు రాసినావో ఇననీ" అంది.

నిషాత్ కాగితం తీసుకుని చదవసాగింది. ఒక్కొక్క పేరుకూ తల్లి నోట తేదీ వస్తోంది. ఉరుకుందు, మూడో తరగతి. "దీపావళి అయినాక సోమారం పోయినాడు." హనుమేష్, ఆరు. "అదే దినం, వాళ్లక్క కూడా పోయింది." మారెమ్మ, నాలుగు. "సంక్రాంతికి ముందర." మాస్టారు ఆ తేదీలన్నీ ఉత్తరాలతో సరిపోల్చి టిక్కులు పెడుతున్నాడు. ఒక్కటీ తప్పడం లేదు.

"నాగవేణి, ఐదో తరగతి, తండ్రి ఈరన్న."

జొహరాబీ చెయ్యెత్తి ఆపింది.

"కోసిగి ఈరన్న కూతురా? నాగవేణి ఉండాదని రాసినావా?"

"ఈ నెలంతా హాజరు వేసినాం."

"ఆ పిల్ల ఇందాకే నా కాడ బజ్జీ తినింది. ముందు దఫా కూలోళ్ల మేస్త్రీ పిలిసినా పోకుండా ఆగినారంట, ఇప్పుడు పోతాండారు. ప్లాట్‌ఫారం మీదుండారు."

మిగతా ముగ్గురూ స్టేషను వైపు చూశారు. అవతల గుంతకల్లు వైపు పోయే ప్యాసింజరు వస్తున్నట్టు గంట వినిపించింది.

తిరుపాల్ మోకాళ్ల నొప్పి మర్చిపోయి నడిచాడు. మాస్టారు వెనకే. మెట్లెక్కి ప్లాట్‌ఫారం చేరేసరికి రైలు ఆగి ఉంది. జనరల్ బోగీల దగ్గర మూటలు, చాపలు, ప్లాస్టిక్ బిందెలు కిటికీల్లోంచి లోపలికి పోతున్నాయి. ఎవరెవరో ఆయన్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. ఎంపీ రైలు కోసం వచ్చాడనుకున్నారు.

ఈరన్న ఎలా ఉంటాడో తిరుపాల్‌కు తెలియదు. ఎవరినైనా అడిగితే భయపడి దాక్కుంటారనిపించింది. అందుకని జాబితా రెండు చేతుల్తో పట్టుకుని, బోగీ వెంట నడుస్తూ, బడిలో పంతులు పిలిచినట్టు పిలవసాగాడు.

"ఉరుకుందు, మూడో తరగతి."

జవాబు లేదు. మూటలు మోస్తున్నవాళ్లు ఆగి చూశారు.

"హనుమేష్, ఆరు. మారెమ్మ, నాలుగు."

వాళ్లు అక్కడ లేరని ఆయనకు తెలుసు. అయినా పేరు తర్వాత ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే ముందుకు కదిలాడు. మూడో కిటికీ, నాలుగో కిటికీ.

"నాగవేణి, ఐదో తరగతి."

"ప్రెజెంట్ సార్."

కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి పైకి లేచింది. రెండు జడల పిల్ల. అలవాటు కొద్దీ నిలబడింది కూడా. నిలబడ్డాక గానీ తానెక్కడుందో గుర్తు రాలేదు కాబోలు, నాలుక కరుచుకుంది. పక్కనున్న మనిషి ఆ చెయ్యి పట్టి కిందికి లాగాడు.

"నువ్వేనా ఈరన్న?" అన్నాడు తిరుపాల్.

"మా తప్పేముందప్పా" అన్నాడా మనిషి. "హాస్టల్లో సేర్చుకుంటారని నిన్న మొన్నదాకా ఎదురు సూసినాం. పిల్లను ఇడిసిపెడదామని పోయినా. జాగా లేదు, పిల్లోళ్లు నిండినారు, హాజరు పట్టీ సూసుకో అన్నారు. మా పాప పేరు కూడా ఆ పట్టీలో ఉండాది. లోపలికి మాత్రం రానీలేదు."

తిరుపాల్ చేతిలోని జాబితాలో ఆ పేరు మళ్లీ చూశాడు. పక్కన మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. రైలు కూత వేసింది.

"దిగు ఈరన్నా. పాపను మా ఇంట్లో పెట్టుకుని సదివిస్తా. నా మాట నమ్ము."

"నమ్ముతానప్పా. నువ్వు మావోళ్ల పేర్లు సదివినోనివి, నిన్ను నమ్మకుంటే ఎవర్ని నమ్మాల." ఈరన్న గొంతు తగ్గించాడు. "దిగలేను. మా ముప్పై మంది ఆధార్ కార్డులు, రేషను కార్డులు మేస్త్రీ కాడ ఉండాయి. గుంతకల్లులో దిగగానే ఒక్కొక్కరినీ లెక్కబెట్టి లారీ ఎక్కిస్తాడు. ఒక తల తక్కువైతే మిగతావాళ్లను సావగొడతాడు."

రైలు మెల్లగా కదిలింది. బోగీలో ఇంకా ఎన్ని జతల కళ్లు తనను చూస్తున్నాయో తిరుపాల్ చూశాడు. సగం చిన్నవే.

"సార్, ఈ కాగితాలు మీరు పట్టుకోండి" అని జాబితా మాస్టారి చేతిలో పెట్టాడు.

"తిరుపాల్, రేపు మధ్యాహ్నం విమానం. సోమవారం మీరు కమిటీ ముందు లేకపోతే ఈ విషయం వదిలేస్తారు."

"తెలుసు సార్. ముందు గుంతకల్లులో ఆ మేస్త్రీని పట్టుకోవాల."

ఆయన తలుపు కమ్మీ పట్టుకుని ఎక్కాడు. లోపల జనం సర్దుకుని చోటిచ్చారు. నాగవేణి కిటికీ పక్క నుంచి జరిగి, తన ఒడిలోని సంచీ కింద పెట్టి, "ఈడ కూసోండి సార్" అంది.

ప్లాట్‌ఫారం మీద మాస్టారి ఆకారం చిన్నదవుతోంది. ఈరన్న తిరుపాల్ చెవి దగ్గరికి వంగాడు.

"అప్పా, ఒక మాట సెప్తాను, కోపం సేసుకోవద్దు. ఆ మేస్త్రీ ఎవరో తెలుసా? పోయిన ఎలక్షన్లో మమ్మల్నందరినీ లారీలో తెచ్చి నీకే ఓటు ఏపిచ్చినోడు."